వేడెక్కితే మొరాయించే అంబాసిడర్ – పదో తరగతి ఓమ్ సూత్రం



ఓమ్ సూత్రం మీలో చాలామంది చదివారు, మిగిలినవారు త్వరలో చదువుతారు. నిర్వచనం రాస్తే కొన్ని మార్కులు, పటం గీసి ప్రయోగం రాస్తే ఇంకొన్ని మార్కులు. పరీక్ష అయిపోయిన మరునాడు ఆ సూత్రం నోటుపుస్తకంతోపాటు అటక ఎక్కుతుంది. ఈ వ్యాసంలో దాన్ని కిందికి దించి, ఒక పాత అంబాసిడర్ కారు బోనెట్ కింద పెట్టి చూపించాలని మా ప్రయత్నం.

మేము ఈ హాస్టల్లోనే పది వరకు చదివి, ప్రస్తుతం భౌతికశాస్త్రంలో పీజీ చేస్తున్నాము. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినది మా తరమే, అందులోనూ మొదట మేమే. మా నాన్న లారీ క్లీనరుగా మొదలై డ్రైవరు అయిన మనిషి. కావున మాకు బండి భాష ముందు వచ్చింది, పుస్తకం భాష తర్వాత వచ్చింది. ఈ రెండు భాషలూ ఒకే సంగతి చెబుతున్నాయని తెలియడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. అది మీకు ఇంకొంచెం ముందే తెలిస్తే మంచిదని ఈ సంచికకు ఇది రాస్తున్నాము.

అంబాసిడర్ గురించి నేటి పిల్లలకు రెండు మాటలు చెప్పాలి. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారును ఆధారం చేసుకుని, కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు 1950ల చివర నుండి 2014 మే వరకు దీన్ని తయారు చేశారు. కలెక్టరు వచ్చినా, మంత్రి వచ్చినా, పెళ్లికొడుకు వచ్చినా ఒకప్పుడు ఇదే కారు. ఇప్పుడు తయారీ లేదు. ఉన్నవాటిని కాపాడుకునే వాళ్లు కొందరు మిగిలారు. మన బీచుపల్లి వంతెన మీద, ఎర్రవల్లి చౌరస్తా నుండి పెబ్బేరు వైపు, పెళ్లిళ్ల సీజన్‌లో పూలదండలు కట్టుకుని పోయే తెల్ల అంబాసిడర్ ఇప్పటికీ ఒకటీ అరా కనబడుతుంది. పాత కారు కావాలని ముచ్చటపడి కిరాయికి పిలిచేవాళ్లు ఉన్నారు కాబట్టి ఆ బండి మీద ఒక కుటుంబం బతుకుతుంది.

ఆ బండ్లకు మన ఎండలో వచ్చే ఒక జబ్బు ఉంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు తాళం తిప్పగానే స్టార్ట్ అవుతుంది. మధ్యాహ్నం కర్నూలు నుండి వచ్చి, బీచుపల్లి ఆంజనేయస్వామి గుడి దగ్గర ఆపి, దర్శనం చేసుకుని వచ్చేసరికి కదలదు. ఒక గంట ఆగితే ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్ట్ అవుతుంది. దీన్నే మెకానిక్కులు 'హాట్ స్టార్ట్ ప్రాబ్లం' అంటారు.

సెల్ఫ్‌కు రెండు దారులు

స్టార్టర్ మోటారును మనవాళ్లు సెల్ఫ్ అంటారు. 1912లో అమెరికాలో కాడిలాక్ కారుకు చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు కరెంటు స్టార్టర్ పెట్టేదాకా దాదాపు అన్ని కార్లనూ ముందు నిలబడి హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేవారు. పాత అంబాసిడర్లకు కూడా ముందువైపు హ్యాండిల్ పెట్టే రంధ్రం ఉంటుంది. ఇంజను ఎదురుతన్నితే చేయి విరిగేది. ఆ పనిని ఇప్పుడు ఒక చిన్న మోటారు చేస్తుంది. చిన్నదే కానీ దాని ఆకలి పెద్దది. 1489 సీసీ పెట్రోల్ ఇంజనును తిప్పడానికి సుమారు 150 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. మన ఇంటి సీలింగ్ ఫ్యాను తీసుకునేది అర ఆంపియరు కూడా కాదు.

ఇంత కరెంటు తాళం గుండా పంపితే తాళం కాలిపోతుంది. అందుకని దారులు రెండు పెట్టారు.

పెద్ద దారి ఇది: బ్యాటరీ ప్లస్ నుండి లావు కేబుల్, అక్కడి నుండి సోలినాయిడ్ అనే స్విచ్చు, అక్కడి నుండి మళ్లీ లావు కేబుల్‌తో సెల్ఫ్ మోటారు. ఇక్కడితో అయిపోయిందని చాలామంది అనుకుంటారు. అవలేదు. మోటారులోకి పోయిన ప్రతి ఆంపియరూ తిరిగి బ్యాటరీ మైనస్‌కు చేరాలి. అది మోటారు ఒంటి నుండి ఇంజనుకు, ఇంజను నుండి జడలా అల్లిన రాగి పట్టీ ద్వారా బాడీకి, బాడీ నుండి బ్యాటరీకి వస్తుంది. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. రబ్బరులో కరెంటు పోదు కదా. కాబట్టి ఆ ఒక్క రాగి పట్టీయే తిరుగు దారి. దాన్ని 'ఎర్తు పట్టీ' అంటారు. కారు మొత్తంలో అందరూ మరచిపోయే వస్తువు అదే.

చిన్న దారి ఇది: బ్యాటరీ వైపు నుండి గోధుమ రంగు వైరు తాళానికి వస్తుంది. తాళం చివరిదాకా తిప్పితే, తెలుపు మీద ఎరుపు గీత ఉన్న వైరు గుండా కరెంటు సోలినాయిడ్‌లోని తీగచుట్టకు పోతుంది. ఆ చుట్ట అయస్కాంతంగా మారి లోపలి ఇనుప కడ్డీని లాగుతుంది. 'టక్' మని పెద్ద దారి కలుస్తుంది. ఈ రంగులు ఇంగ్లండు లూకాస్ పద్ధతివి. మన దేశంలో 1961లో మద్రాసు దగ్గర పాడిలో లూకాస్-టీవీఎస్ కంపెనీ వచ్చాక ఇక్కడి బండ్లలోనూ అవే రంగులు బాగా వాడుకలోకి వచ్చాయి. అయితే 40 ఏళ్ల బండిలో ఎంతమంది చేతులు పడి ఉంటాయో! దొరికిన రంగు వైరు వేసి ఉంటారు. కావున రంగును నమ్మకుండా మీటరుతో చూసుకోవాలి. ఇంకా పాత బ్రిటిష్ పద్ధతి కార్లలో ప్లస్‌ను బాడీకి కలిపినవి కూడా ఉండేవి. ముందు అది చూసుకున్నాకే చేయి పెట్టాలి.

వేడికీ దీనికీ సంబంధం ఏమిటి?

మన పాఠంలో ఒక వాక్యం ఉంటుంది: ఉష్ణోగ్రత పెరిగితే లోహాల నిరోధం పెరుగుతుంది. రాగికి ఒక్కో డిగ్రీకి సుమారు 0.39 శాతం. అనగా 30 డిగ్రీల దగ్గర ఉన్న తీగచుట్ట 100 డిగ్రీలకు చేరితే నిరోధం 27 శాతం పెరుగుతుంది. అదే వోల్టేజికి కరెంటు తగ్గుతుంది. కరెంటు తగ్గితే సోలినాయిడ్ అయస్కాంతం బలహీనమవుతుంది. కడ్డీని లాగలేకపోతుంది.

ఇక్కడ ఒక సందేహం రావాలి. కారు ఆపితే ఇంజను చల్లబడాలి కదా, మరి ఆపిన తర్వాతే ఎందుకు ఇబ్బంది? ఇంజను తిరుగుతున్నప్పుడు రేడియేటర్ నీళ్లు తిరుగుతుంటాయి, ఫ్యాను గాలి కొడుతుంటుంది. ఆపగానే రెండూ ఆగుతాయి. కానీ దిమ్మలో ఉన్న వేడి అక్కడే ఉంటుంది. అది మెల్లగా చుట్టుపక్కల సెల్ఫ్‌కు, పెట్రోల్ పైపులకు, కార్బొరేటర్‌కు పాకుతుంది. పొయ్యి ఆర్పాక కూడా మట్టికుండలో కూర కాసేపు కుతకుతలాడుతుంది చూడండి, అలాగన్నమాట. కాబట్టి ఆపిన 10 నుండి 20 నిమిషాల మధ్య బోనెట్ కింద వేడి ఎక్కువగా ఉంటుంది. ఆపి రెండు నిమిషాల్లో కొడితే స్టార్ట్ అయ్యి, పావుగంటకు మొరాయించి, గంట తర్వాత మళ్లీ స్టార్ట్ అయితే, అది వేడి పాకిన రోగమే అని గుర్తు. ఈ సమయాలు ఒక కాగితం మీద రాసుకుంటే సగం పరీక్ష అయిపోయినట్టే. డబ్బు ఖర్చు లేని పరీక్ష అది.

మొదటి ప్రశ్న

'బండి స్టార్ట్ అవుతలేదు' అనే మాటలో రెండు వేరు వేరు జబ్బులు కలిసి ఉంటాయి. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజను తిరుగుతుందా, తిరగదా? ఇది అడగకుండా పానా పట్టుకునే వాడికి బండి ఇవ్వకూడదని మా నాన్న అభిప్రాయం. మాదీ అదే.

ఇంజను మామూలు వేగంతోనే తిరుగుతూ అందుకోవడం లేదంటే, సెల్ఫ్‌కు, బ్యాటరీకి పాపం అంటగట్టకూడదు. అక్కడ పెట్రోల్ గానీ స్పార్క్ గానీ కారణం. అంబాసిడర్ పెట్రోల్ ఇంజనులో కార్బొరేటర్ కూర్చునే వైపే ఎగ్జాస్ట్ కూడా ఉంటుంది. సెల్ఫ్ మోటారు రెండో పక్క ఉంటుంది. అంటే పొయ్యి పక్కన పాలగిన్నె పెట్టినట్టు కార్బొరేటర్ పరిస్థితి. బండి ఆపాక ఆ వేడికి పంపులో, పైపులో పెట్రోల్ ఆవిరవుతుంది. పంపు ద్రవాన్ని తోయగలదు, ఆవిరిని తోయలేదు. దీన్ని 'వేపర్ లాక్' అంటారు. మన డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగడం ఇందుకే. అది మూఢనమ్మకం కాదు, చక్కని శాస్త్రం. గుడ్డను పంపుకు, పైపుకు మాత్రమే చుట్టాలి. కాలిన ఎగ్జాస్ట్ మీద, ఇంజను దిమ్మ మీద చల్లనీళ్లు పోస్తే బీటలు వస్తాయి.

దీనికి వ్యతిరేకమైనది ఇంకొకటి: కార్బొరేటర్ గిన్నెలోని పెట్రోల్ మరిగి లోపలికి పొంగడం. అప్పుడు పెట్రోల్ తక్కువ కాదు, ఎక్కువ. బోనెట్ ఎత్తితే పచ్చి పెట్రోల్ వాసన కొడుతుంది. అలాంటప్పుడు చోక్ లాగకుండా, యాక్సిలరేటర్‌ను పదేపదే తొక్కకుండా, పూర్తిగా కిందికి తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టాలి. ఎక్కువ గాలి పోయి మిశ్రమం పలచబడుతుంది. రెండింటికీ శాశ్వత మందు ఒకటే: పెట్రోల్ పైపును ఇంజనుకు దూరంగా జరపడం, దానికి వేడి తగలని తొడుగు వేయడం, కార్బొరేటర్ కింద రేకు అడ్డం పెట్టడం. 2025 నాటికి మన బంకుల్లో 20 శాతం ఎథనాల్ కలిపిన పెట్రోల్ వచ్చేసింది. పాత రబ్బరు పైపులు దానికి తట్టుకోవు, మెత్తబడి పగులుతాయి. ఎగ్జాస్ట్ పక్కన పగిలిన పెట్రోల్ పైపు అంటే ఏమిటో వివరించనక్కర లేదు. ముందు అవి మార్చాలి.

పెట్రోల్ బాగానే ఉండి స్పార్క్ లేకపోతే, వేడికి నిలవని కండెన్సర్‌ను, కాయిల్‌ను అనుమానించాలి. ఇక దీని గురించి ఇంతే.

తిరగకపోతే

ఇప్పుడు అసలు సంగతి. తాళం తిప్పితే 'టక్' మని ఊరుకోవడం, లేదా ఆ శబ్దం కూడా రాకపోవడం, లేదా బరువెక్కిన తిరగలిలా 'గుర్ర్... గుర్ర్' మని ఆగిపోవడం.

మీటరు లేకపోయినా ఒక పరీక్ష ఉంది. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పాలి. లైట్లు చచ్చినట్టు మసకబారితే బ్యాటరీ ఖాళీ, లేదా బ్యాటరీ టెర్మినల్ సరిగ్గా పట్టలేదు, లేదా సెల్ఫ్ లోపల ఎక్కడో పట్టేసింది. లైట్లలో అసలు మార్పే లేకపోతే కరెంటు సెల్ఫ్ దాకా పోవడమే లేదు. ఎక్కడో దారి తెగింది.

మేము చూసిన ఒక బండి సంగతి చెబుతాము. ఎర్రవల్లి దగ్గరి ఒక డ్రైవరన్నది, మార్క్ 4 పెట్రోల్ అంబాసిడర్. ఎక్కడికి పోయినా పల్లం చూసి నిలపడం ఆయనకు అలవాటైంది. తోసుకోవచ్చని. ఫంక్షన్ హాలు ముందు పెళ్లికూతురును ఎక్కించుకుని బండి కదలకపోతే చుట్టాలందరూ తోయాల్సి వచ్చిందట. తర్వాత రెండు కిరాయిలు పోయాయి. "ముహూర్తానికి ఆగే బండిని ఎవరు పిలుస్తరు తమ్ముడూ?" అన్నాడు. అప్పటికి కొత్త బ్యాటరీ కొన్నాడు. పది రోజులు బాగా నడిచింది. మళ్లీ మొదలు. సెల్ఫ్ విప్పించి కార్బన్ బ్రష్షులు, బుష్‌లు మార్పించాడు. మరో వారం నడిచింది. మళ్లీ అదే. మూడోసారి సెల్ఫ్ మొత్తం కొత్తది వేయమని ఒక షాపులో చెప్పారు. దానికి డబ్బు అప్పు చేయాలి. అప్పు తెచ్చేలోగా ఒకసారి చూస్తామని మేమే అడిగాము.

కొత్త బ్యాటరీతో పది రోజులు ఎందుకు నడిచింది? ఇది ఆలోచించదగినది. దారిలో ఎక్కడో వోల్టేజి పోతుంటే, కొత్త బ్యాటరీ కొంచెం ఎక్కువ బలంతో తోసి ఆ నష్టాన్ని కప్పిపెడుతుంది. రోగం పోదు, దాక్కుంటుంది. కాబట్టి 'అది మార్చాక కొన్నాళ్లు బాగుంది' అనే మాట ఆ వస్తువే చెడిందనడానికి సాక్ష్యం కాదు.

మీటరు ఎలా పెట్టాలి?

షాపులో మీటరును 'బీప్' మోగే చోట పెట్టి, కేబుల్ రెండు చివరలు తాకించి, మోగింది కాబట్టి కేబుల్ మంచిదే అన్నారట. ఇక్కడే పాఠం అవసరమవుతుంది. వంద పోగుల కేబుల్‌లో 95 తెగి 5 మిగిలినా ఆ బీప్ మోగుతుంది. మీటరు పంపే కరెంటు మిల్లీ ఆంపియర్లలో ఉంటుంది, దానికి ఒక్క పోగు చాలు. నిరోధం కొలుద్దామంటే మన మీటరు తీగలకే దాదాపు 0.2 ఓమ్‌లు ఉంటుంది. మనం వెతుకుతున్నదేమో 0.01 ఓమ్.

0.01 ఓమ్ అంటే లెక్కలోకి రానిదని అనిపిస్తుంది. ఓమ్ సూత్రంలో వేసి చూడండి. వోల్టేజి నష్టం = కరెంటు × నిరోధం = 150 × 0.01 = 1.5 వోల్టులు. పన్నెండు వోల్టుల ఇంట్లో ఒకటిన్నర దొంగలు ఎత్తుకుపోయినట్టు. పైగా ఆ చోట పుట్టే వేడి 1.5 × 150 = 225 వాట్లు, అంటే మూడు సీలింగ్ ఫ్యాన్లు తినేంత శక్తి ఒక్క బోల్టు దగ్గర ఖర్చవుతుంది. ఆ వేడికి జాయింటు ఇంకా పాడవుతుంది. అదే మంచి కేబుల్ చూడండి: 25 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ మీటరున్నర పొడవుంటే 150 ఆంపియర్ల దగ్గర పోయేది సుమారు 0.15 వోల్టు మాత్రమే. డబ్బు మిగలాలని 10 చదరపు మిల్లీమీటర్లది వేస్తే 0.39 పోతుంది.

కావున నిరోధాన్ని కొలవకూడదు. కరెంటు పారుతుండగా పోయిన వోల్టేజిని కొలవాలి. దీనికి కావలసింది కొన్ని వందల రూపాయల డిజిటల్ మీటరు, తాళం తిప్పడానికి ఇంకొక మనిషి. పద్ధతి ఇది.

బండిని న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ లాగాలి. ఇంజను అందుకోకుండా కాయిల్ సన్న వైరు ఊడదీసి పక్కకు కట్టాలి. మీటరును 20 వోల్టుల డీసీలో పెట్టాలి. మొదట బ్యాటరీ రెండు ధ్రువాల మీద: ఏమీ నడవనప్పుడు 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 10కి అటూ ఇటూ ఉండాలి. 9.6 కంటే బాగా పడిపోతే ముందు బ్యాటరీ సంగతి చూడాలి.

తర్వాత ఒక ముల్లు బ్యాటరీ ప్లస్ ధ్రువం మీద, రెండోది సెల్ఫ్ మోటారు బోల్టు మీద. ధ్రువం మీద అంటే క్లాంపు మీద కాదు, నడిమి సీసం గుంజ మీదే. క్లాంపుకూ గుంజకూ మధ్య పట్టిన బూడిద కూడా లెక్కలోకి రావాలి కదా. సెల్ఫ్ కొట్టినప్పుడు వచ్చే అంకె పెద్ద దారి ప్లస్ వైపు నష్టం. అర వోల్టు దాటకూడదు. ఆ తర్వాత ఒక ముల్లు బ్యాటరీ మైనస్ గుంజ మీద, రెండోది సెల్ఫ్ మోటారు ఒంటి మీద, రంగు గీకిన చోట. ఇది తిరుగు దారి నష్టం. 0.2, మహా అయితే 0.3 ఉండాలి. చివరగా సోలినాయిడ్ చిన్న టెర్మినల్‌కూ బాడీకీ మధ్య. తాళం తిప్పి పట్టినప్పుడు బ్యాటరీ వోల్టేజికి ఒక వోల్టుకు మించి తగ్గకూడదు.

ఒకసారి పది సెకన్ల కంటే ఎక్కువ సెల్ఫ్ కొట్టకూడదు. మధ్యలో నిమిషం ఆగాలి. లేకుంటే మనమే మోటారును కాల్చిన వాళ్లమవుతాము.

డ్రైవరన్న బండిలో పొద్దున చల్లగా ఉన్నప్పుడు ప్లస్ వైపు 0.3 వచ్చింది. బాగుంది. ఎర్తు వైపు 0.9. ఇది చాలా ఎక్కువ, కానీ అంత నష్టంతోనూ బండి స్టార్ట్ అవుతూనే ఉంది. మధ్యాహ్నం ఎండలో పెబ్బేరు దాకా పోయి వచ్చి, పావుగంట ఆపి మళ్లీ కొలిచాము. ఎర్తు వైపు 1.6. సెల్ఫ్ మూలుగుతూ తిరిగింది. అదే సమయంలో చోక్ తీగను ముట్టుకుంటే చుర్రుమంది. ఎందుకో చెప్పుకోండి చూద్దాం. ఎర్తు పట్టీ సరిగా లేకపోతే తిరిగి రావలసిన కరెంటు, ఇంజనునూ బాడీనీ కలుపుతున్న ఏ లోహం దొరికితే దాంట్లోంచి వస్తుంది. చోక్ తీగ, యాక్సిలరేటర్ తీగ అలా కాలుతాయి. సెల్ఫ్ కొడితే చోక్ తీగ పొగ వచ్చిందంటే మీటరు కూడా అక్కర్లేదు.

మళ్లీ ఇరవై నిమిషాలకు ఈసారి 'టక్' కూడా రాలేదు. చిన్న టెర్మినల్ మీద చూస్తే 8.1 వోల్టులే ఉన్నాయి. బ్యాటరీలో 12.3 ఉంది. నాలుగు వోల్టులకు పైగా తాళంలో, డ్యాష్‌బోర్డు కింది జాయింట్లలో పోతున్నాయి. వేడికి చుట్ట నిరోధం పెరిగి అసలే బలహీనమైన సోలినాయిడ్‌కు ఆ 8.1 చాలలేదు. అంటే రోగాలు రెండు, ఒకదాని వెనక ఒకటి దాక్కుని. సెల్ఫ్‌లో గానీ బ్యాటరీలో గానీ ఏ దోషమూ లేదు.

బాగు చేయడం

ముందు బ్యాటరీ ఎర్తు టెర్మినల్ ఊడదీయాలి. బిగించేటప్పుడు అదే చివర. ఇది పెద్దవాళ్లు చెప్పే ఆచారంలా వినిపిస్తుంది, కానీ కారణం ఉంది. ప్లస్ విప్పుతుండగా పానా బాడీకి తగిలితే, ఎర్తు కలిసే ఉంటే, వందల ఆంపియర్లు పానా గుండా పారతాయి. ఎర్తు ముందే తీసి ఉంటే ఏమీ కాదు. చేతి గడియారం, ఉంగరం, కడియం తీసి పక్కన పెట్టాలి. బ్యాటరీ దగ్గర బీడీ వద్దు, అక్కడ హైడ్రోజన్ వాయువు ఉంటుంది. అది మీరు రసాయనశాస్త్రంలో చదివారు.

ఎర్తు పట్టీ విప్పి చూస్తే సగానికి పైగా పోగులు పచ్చగా పట్టి తెగి ఉన్నాయి. ఎప్పుడో బాడీకి రంగు వేసినవారు పట్టీ కూర్చునే చోట కూడా వేసేశారు. రంగు మీదే లగ్గు బిగించారు. కొత్త అల్లిక పట్టీ తెచ్చి, రెండు చోట్లా ఎమ్రీ పేపరుతో ఇనుము మెరిసేదాకా గీకి, బిగించాక పైన గ్రీజు పూశాము. గ్రీజు ముందే పూయకూడదు, బిగించాకే, తేమ రాకుండా.

చిన్న దారికి రిలే పెట్టాము. రిలే అంటే చిన్న సోలినాయిడ్ లాంటిదే. దాని నాలుగు కాళ్లకు అంకెలు ఉంటాయి. 30కి సోలినాయిడ్ బ్యాటరీ వైపు బోల్టు నుండి 20 ఆంపియర్ల ఫ్యూజ్ గుండా 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు. 87 నుండి సోలినాయిడ్ చిన్న టెర్మినల్‌కు అదే సైజు వైరు. తాళం నుండి వచ్చే పాత తెలుపు-ఎరుపు వైరు 86కు. 85 బాడీకి. ఇప్పుడు పాత తాళం మోయవలసింది రిలేకు కావలసిన పావు ఆంపియరు లోపే. అంత తక్కువ కరెంటుకు ఆ పాత జాయింట్లలో పోయే వోల్టేజి కూడా తక్కువే. మళ్లీ ఓమ్ సూత్రమే చూడండి: నిరోధం మారలేదు, కరెంటు తగ్గించాము, నష్టం తగ్గింది. రిలేను ఇంజను పక్కన కాకుండా మడ్‌గార్డు లోపలి వైపు, వేడికి దూరంగా బిగించాము. సోలినాయిడ్ మోటారు నెత్తిమీదే ఉండే రకం సెల్ఫ్ అయితే దాని చుట్ట ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. అప్పుడు రిలే, ఫ్యూజ్, వైరు మూడూ పెద్దవి కావాలి.

ఒక హెచ్చరిక. కొందరు స్క్రూడ్రైవర్‌తో సోలినాయిడ్ రెండు బోల్టులూ కలిపి స్టార్ట్ చేస్తారు. బండి గేరులో ఉంటే అది ముందుకు ఉరుకుతుంది. ముందు నిలబడింది మనమే. మీలో షెడ్డులో పని నేర్చుకోవడానికి సెలవుల్లో పోయేవాళ్లు ఉన్నారని మాకు తెలుసు. మేస్త్రి చెప్పినా సరే, గేరు చూడకుండా ఆ పని చేయవద్దు.

అంతా బిగించి అదే పెబ్బేరు దారిలో అదే ఎండలో పోయి వచ్చి కొలిచాము. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ 10.2, ప్లస్ వైపు 0.3, ఎర్తు వైపు 0.15. మోటారుకు చేరింది 9.75. చిన్న టెర్మినల్ దగ్గర తాళం తిప్పిన క్షణాన 11 పైమాటే. పావుగంటకు, ఇరవై నిమిషాలకు, అరగంటకు మూడుసార్లు కొట్టి చూశాము. మూడుసార్లూ చల్లటి పొద్దున తిరిగినట్టే తిరిగింది. ఖర్చు ఒక పట్టీ, ఒక రిలే, రెండు గజాల వైరు, లగ్గులు. డ్రైవరన్న కొత్త సెల్ఫ్‌కు అప్పు తేలేదు.

ఇంత చేసినా వేడికి సెల్ఫ్ బరువుగానే తిరిగే బండ్లు కొన్ని ఉంటాయి. వాటిలో టైమింగ్ మరీ ముందుకు పెట్టి ఉందేమో చూడాలి. పిస్టన్ పైకి రాకముందే మంట అంటుకుని ఎదురుతన్నుతుంది, సెల్ఫ్ దానితో కుస్తీ పడుతుంది. కాయిల్ వైరు ఊడదీసినప్పుడు తేలిగ్గా తిరిగి, తగిలించినప్పుడు బరువెక్కితే కారణం అదే. వైరు తీసినా బరువుగానే ఉండి, నష్టాలన్నీ హద్దులోనే ఉంటే, అప్పుడు సెల్ఫ్ విప్పాలి. బుష్‌లు అరిగి లోపలి ఆర్మేచర్ పక్కలకు రాసుకుంటుంటుంది. విప్పడం ఆ క్రమంలో చివరిది.

డ్రైవరన్న ఆ నాలుగు అంకెలనూ బోనెట్ లోపలి వైపు తెల్ల పెయింటుతో రాయించుకున్నాడు, తేదీతో సహా. తర్వాత ఎవరు మీటరు పెట్టినా పోల్చుకోవడానికి పనికొస్తుంది. ఎర్తు వైపు అంకె 0.3 దాటితే పట్టీ విప్పి గీకాలని దాని కిందే ఇంకో వరుస రాశాడు.